ముప్పై మీటర్ల వరండా

ఊపిరితిత్తుల మార్పిడి అనగానే సైరన్ మోగించుకుంటూ వెళ్లే అంబులెన్సే మన కళ్ల ముందు మెదులుతుంది. ఆ పరుగుకు ముందు నెలల తరబడి జరిగేదీ, తర్వాత ఏళ్ల తరబడి సాగేదీ వార్తల్లోకి రాదు.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి సికింద్రాబాద్‌కు ముప్పై ఆరు, ముప్పై ఏడు కిలోమీటర్లు. ఆఫీసులు వదిలే వేళ బయల్దేరితే ఎప్పటికి చేరతామో చెప్పలేం. ఊపిరితిత్తులున్న పెట్టెతో వచ్చే అంబులెన్సు మాత్రం ఆ దూరాన్ని అరగంట లోపే దాటేస్తుంది. దారి పొడుగునా ట్రాఫిక్ పోలీసులు వాకీటాకీలు పట్టుకుని సిగ్నళ్లు ఆపుతారు. గ్రీన్ కారిడార్ అంటే ఇదే. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు గుండెను మెట్రో రైల్లో తీసుకెళ్లినప్పుడు ఊరు ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది.

ఆ పెట్టె కోసం ఎదురుచూసే మనిషి నడిచే దారి ఇంకొకటుంది. దాని పొడవు ముప్పై మీటర్లే. ఆసుపత్రి వరండాలో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ప్లాస్టిక్ కోన్లు పెడతారు. వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించి, అవసరమైతే పక్కన ఆక్సిజన్ సిలిండర్ బండి ఇచ్చి, ఆరు నిమిషాలు నడవమంటారు. పరుగెత్తకూడదు. మధ్యలో ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. పరీక్ష పెట్టే టెక్నీషియన్ పక్కపక్కనే నడవడు, నడిస్తే అతని వేగం రోగికి అంటుకుంటుందని. నిమిషానికోసారి, అదీ మారని గొంతుతో, ‘బాగా నడుస్తున్నారు, ఇంకా నాలుగు నిమిషాలుంది’ అంటాడు. అంతకు మించి ఉత్సాహపరచకూడదని నియమం. ఆరు నిమిషాలూ అయ్యాక ఎన్ని మీటర్లు వచ్చిందో, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ ఎంతకు పడిపోయిందో రాసుకుంటాడు. ‘ఆయాసం సున్నా నుంచి పది లోపు ఎంతుందో చెప్పండి’ అని అడుగుతాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నాలుగు వందల నుంచి ఏడు వందల మీటర్ల దాకా నడుస్తారు. మార్పిడి కోసం వచ్చేవాళ్లలో రెండు వందలు దాటడమే గగనమైనవాళ్లుంటారు. ఒకప్పుడు బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కినవాళ్లే వాళ్లలో కొందరు.

స్కానింగులూ రక్తపరీక్షలూ ఎన్ని ఉన్నా, ఊపిరితిత్తుల డాక్టర్లు ఈ నడకను పక్కన పెట్టరు. మనిషి ఎంత దిగజారాడో, కత్తికి తట్టుకోగలడో లేదో రెండూ ఇందులో తెలుస్తాయి.

కూలర్లు, పావురాలు, ఆలస్యాలు

ఇంతదాకా వచ్చేవాళ్లంతా సిగరెట్లు తాగినవాళ్లేనని చాలామంది నమ్మకం. సిగరెట్టుతో, కట్టెల పొయ్యి పొగతో వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ఒక కారణమే. అయితే మన దేశంలో మార్పిడి లిస్టుల్లో ముందు వరసలో కనిపించేది ఐఎల్‌డీ. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులకూ రక్తనాళాలకూ మధ్య సన్నటి పొర ఉంటుంది, ప్రాణవాయువు దాటేది దానిగుండానే. ఆ పొర మందమై, గట్టిపడి, మచ్చ కట్టే జబ్బులన్నిటినీ కలిపి అలా పిలుస్తారు. ఇళ్లల్లో అనే మాట ‘లంగ్స్ గట్టిపడ్డాయంట’.

2017లో మన దేశపు ఐఎల్‌డీ రిజిస్ట్రీ వివరాలు అచ్చయ్యాయి. 27 ఆసుపత్రుల్లో 1,084 మంది రోగులను చూస్తే, అందులో 47 శాతం మందికి ఉన్నది పీల్చిన బూజుకూ పక్షుల రెట్టల దుమ్ముకూ ఊపిరితిత్తి ఎదురుతిరగడం వల్ల వచ్చిన రకం. ఆ రకం రోగుల్లో దాదాపు సగం మంది ఇళ్లల్లో ఎయిర్ కూలర్లున్నాయి. కూలర్ ఉన్న ప్రతి ఇంటికీ జబ్బు వస్తుందని దీనర్థం కాదు, చాలామందికి ఏమీ కాదు. కానీ మార్చి రాగానే అటక మీంచి కూలర్ దించి, నిరుడు తడిసి ఎండిన గడ్డి మెత్తల్నే మళ్లీ తడిపి, ఎదురుగా మంచం వేసుకుని పడుకునే మనబోటి ఊళ్లలో ఆ అంకె కాస్త ఆగి చదవాల్సిందే. పావురాల సంగతీ అంతే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఏసీ బాక్సు వెనకా, బాత్‌రూమ్ కిటికీ చూరులోనూ అవి కాపురం పెడతాయి. కూడళ్లలో గింజలు చల్లడం పుణ్యమని మనం అనుకుంటాం. ఎండిన రెట్టలు చీపురుతో ఊడ్చినప్పుడు లేచే పొడిని పీల్చేది మాత్రం ఇంట్లోని ఆడవాళ్లో, పనిమనిషో.

జబ్బు మొదట పొడిదగ్గుగా వస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గర సిరప్, తర్వాత పట్నంలో ఎక్స్‌రే. ఎక్స్‌రేలో తెల్లటి నీడ కనబడగానే మన దగ్గర ముందుగా తట్టేది టీబీ. ఆరు నెలల మందు పెడతారు. క్షయ ఇంతగా ఉన్న దేశంలో ఆ అనుమానం తప్పు కాదు. తప్పల్లా, తగ్గకపోయినా ఇంకో ఆలోచన చేయకపోవడంలో ఉంది. డాక్టరు వీపు వెనక, కింది భాగాన స్టెతస్కోపు ఆనిస్తే, పీల్చినప్పుడల్లా చెప్పుల వెల్‌క్రో పట్టీని లాగి ఊడదీస్తున్నట్టు ఒక చప్పుడు వినబడుతుంది. వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా తిరుగుతాయి. ఈ రెండూ చూడ్డానికి డబ్బు అక్కర్లేదు, తీరిక కావాలి. జబ్బును ఖాయం చేసేది సన్నటి పొరలుగా తీసే సీటీ స్కాన్.

వీటిలో అన్నిటికంటే మొండిది ఐపీఎఫ్ అనే రకం. కారణం తెలియని ఫైబ్రోసిస్. బయటపడ్డాక సగటున మూడు నుంచి ఐదేళ్లు. పిర్‌ఫెనిడోన్, నింటెడానిబ్ అనే మందులు దాని నడకను నెమ్మదింపజేస్తాయి, వెనక్కి తిప్పలేవు. అందుకే ఇలాంటి రోగిని జబ్బు తేలిన రోజునే, ఆ మందులు మొదలుపెడుతూనే, మార్పిడి కేంద్రానికి ఒకసారి పంపమని గుండె, ఊపిరితిత్తుల మార్పిడి నిపుణుల అంతర్జాతీయ సంఘం చెబుతోంది. ఆపరేషన్ చేయించుకోమని కాదు, చూపించుకోమని.

మన ఇళ్లల్లో జరిగేది దానికి తలకిందులు. ‘అది ఆఖరి మార్గం కదా సార్, ఇంకొన్నాళ్లు చూద్దాం’ అంటారు కొడుకులు. డాక్టరూ తలూపుతాడు. ఇంటికి ఆక్సిజన్ మిషన్ వస్తుంది. మొదట రాత్రిళ్లు, తర్వాత స్నానానికి వెళ్లొచ్చాక, ఆ తర్వాత ఇరవై నాలుగ్గంటలూ. మనిషి బాత్‌రూమ్‌కు వెళ్లడం మానేస్తాడు, తింటే ఆయాసమని తిండి తగ్గిస్తాడు, తొడల కండ కరిగిపోతుంది. అప్పుడు, వెంటిలేటర్ మీద, చెన్నైకో హైదరాబాద్‌కో ఫోన్ వెళ్తుంది. అప్పటికి చాలాసార్లు జవాబు ‘లేదు’. ఆపరేషన్ ఆఖరి మార్గమే, నిజం. సలహా ఎందుకు ఆఖరిది కావాలో నాకు అర్థం కాదు.

మరీ ముందుగా చేసినా నష్టమే. సొంత ఊపిరితిత్తులతో ఇంకా నాలుగైదేళ్లు లాగగల సీఓపీడీ రోగికి తొందరపడి మార్చితే, ఉన్న ఆయుష్షే తగ్గొచ్చు. క్యాన్సర్ తగ్గి ఎన్నాళ్లయింది, సిగరెట్టు మానేసి ఆరు నెలలు దాటిందా, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, బరువు మరీ ఎక్కువా, మరీ తక్కువా, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరు అన్నీ అడుగుతారు. చివరి ప్రశ్నకు సరైన జవాబు లేక ఆగిపోయేవాళ్లూ ఉంటారు.

అతుకు దగ్గర ఓడిపోయిన ఇరవై ఏళ్లు

మూత్రపిండం, కాలేయం, గుండె అన్నీ ఒక దారిలో పడుతున్న కాలంలోనూ ఊపిరితిత్తి మాత్రం మొండికేసింది. 1963 జూన్ 11న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ నగరంలో జేమ్స్ హార్డీ అనే సర్జన్ మొదటిసారి ఒక మనిషికి ఊపిరితిత్తి మార్చారు. ఆ రోగి జాన్ రస్సెల్, హత్య కేసులో యావజ్జీవ ఖైదీ. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్, మూత్రపిండాలూ అప్పటికే దెబ్బతిన్నాయి. అతను దీనికి ఒప్పుకుంటే శిక్ష విషయంలో ఉదారంగా ఉంటామని ప్రభుత్వంలోని వాళ్లు డాక్టర్లకు చాటుగా చెప్పారు. ఖైదీ దగ్గర తీసుకున్న అంగీకారం అంగీకారమేనా అన్న చర్చ వైద్యనీతి పుస్తకాల్లో ఇప్పటికీ నడుస్తోంది. ఇంకో సంగతి. ఆపరేషన్ జరిగిన ఆ రాత్రే, తెల్లారితే జూన్ 12 అనగా, నల్లజాతి హక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఆయన ఇంటి ముందే తుపాకీతో కాల్చారు. తీసుకొచ్చింది అదే ఆసుపత్రికి. అక్కడే ప్రాణం పోయింది. వైద్య చరిత్రలోని ఒక ‘మొదటిసారి’కి దక్కాల్సిన పతాక శీర్షికను ఆ హత్య మింగేసింది.

రస్సెల్ 18 రోజులు బతికి, మూత్రపిండాలు విఫలమై చనిపోయాడు. తర్వాతి ఇరవై ఏళ్లలో నలభైకి పైగా ప్రయత్నాలు జరిగాయి. దాదాపు అందరూ రోజుల్లోనో వారాల్లోనో పోయారు. బెల్జియంలోని ఘెంట్‌లో 1968లో ఫ్రిట్స్ డెరోమ్ ఆపరేషన్ చేసిన యువకుడొక్కడు పది నెలలు నెట్టుకొచ్చాడు.

ఎందుకిలా అయింది? ఊపిరితిత్తిని అతికించేటప్పుడు ఒక్కో వైపు మూడు అతుకులు పడాలి: రక్తం తెచ్చే ధమని, శుద్ధమైన రక్తాన్ని గుండెకు చేర్చే సిరల కట్ట, గాలి వెళ్లే శ్వాసగొట్టం. మొదటి రెండూ బాగానే అతుక్కునేవి. మూడోదే రెండు మూడు వారాలకు పుండై, తెరుచుకుని, ప్రాణం తీసేది. శ్వాసగొట్టం గోడకు రక్తం అందించే సన్నటి నాళాలు వేరుగా ఉంటాయి. దాత నుంచి తీసేటప్పుడు అవి తెగిపోతాయి. తిరిగి కలపడం సాధారణంగా జరగదు. రక్తం సరిగ్గా అందని చోట అతుకు మానాలి. దానికి తోడు శరీరం కొత్త అవయవాన్ని తోసిపుచ్చకుండా అప్పట్లో ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు ఇచ్చేవారు. గాయం మాననివ్వని గుణం ఆ స్టెరాయిడ్లకే ఉంది.

టొరంటో జనరల్ ఆసుపత్రిలో జోయెల్ కూపర్ బృందం కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ ముడిని విప్పింది. కడుపులో పేగుల మీద కొవ్వుతో, రక్తనాళాలతో పరచుకుని ఉండే పొర ఒకటుంది. దాని చివరను ఛాతీలోకి లాగి అతుకు చుట్టూ చుట్టేశారు, రక్తం పక్కనుంచి అందేటట్టు. మొదటి వారాల్లో స్టెరాయిడ్లను దూరం పెట్టారు. వాటి స్థానంలో సైక్లోస్పోరిన్ వచ్చింది. నార్వేలోని ఒక పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలో దొరికిన శిలీంధ్రం నుంచి తీసిన మందది. 1983 నవంబర్ 7న ఫైబ్రోసిస్‌తో బాధపడుతున్న టామ్ హాల్ అనే 58 ఏళ్లాయనకు ఒక ఊపిరితిత్తి మార్చారు. అంతకు ముందు 44 మందికి చేశారని, ఎవరూ నిలవలేదని కూపర్ ముందే చెబితే, నలభై ఐదోవాడిని అయ్యే అవకాశం వచ్చినందుకు హాల్ సంతోషించాడని టొరంటోలో చెప్పుకుంటారు. ఆయన ఆరేళ్లకు పైగా బతికాడు. 1986లో అదే బృందం రెండు ఊపిరితిత్తులూ మార్చింది. ఇప్పుడు అతుకు వేసే పద్ధతులు మెరుగుపడి ఆ కడుపు పొర అవసరం పడటం లేదు.

ఇచ్చేవాళ్లున్నా పుచ్చుకోలేని అవయవం

మన దేశంలో 2024లో మూత్రపిండాల మార్పిళ్లు 13 వేలు దాటాయి. ఊపిరితిత్తులవి రెండు వందల పైచిలుకు. అమెరికాలో ఏటా మూడు వేలకు మించి జరుగుతున్నాయి. ఇంత తేడాకు మన దాతృత్వం తక్కువని ఒక్క మాటలో తేల్చేయడం సులువే, పూర్తి నిజం కాదు. బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచి అవయవదానం విషయంలో తెలంగాణ దేశంలో ముందు వరసలో ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో నిమ్స్ కేంద్రంగా మొదలైన అవయవదాన పథకం జీవన్‌దాన్ దీనికి పునాది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు వేరే జీవన్‌దాన్ ఉంది. జాతీయ సగటు పది లక్షల మందికి ఒక దాత కూడా లేని చోట, తెలంగాణది నాలుగు దాటింది.

దాత దొరికినా ఊపిరితిత్తులు పనికొస్తాయన్న హామీ లేదు. పది మంది దాతలుంటే ఇద్దరి దగ్గరా దొరకడం కష్టం. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పుడు స్పృహ లేని మనిషి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెదడు ఆగిపోయే ఘడియల్లో విడుదలయ్యే రసాయనాల వరదకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెంటిలేటర్ మీద మూడు నాలుగు రోజులుంటే న్యుమోనియా. మూత్రపిండాలు కాపాడాలని ఎక్కువ సెలైన్ ఎక్కిస్తే అదీ ఊపిరితిత్తుల మీదే పడుతుంది. లోపలి అవయవాలన్నిటిలోకీ బయటి గాలి తగిలేది దీనికొక్కదానికే, చెడిపోవడానికీ ఇదే ముందు.

బ్లడ్ గ్రూపు కలిస్తే చాలదు, ఛాతీ కొలత కలవాలి. పెద్ద ఊపిరితిత్తిని చిన్న ఛాతీలో పెడితే మూత పడదు, చిన్నదాన్ని పెద్ద ఛాతీలో పెడితే చాలదు. మన దాతల్లో ఎక్కువమంది హెల్మెట్ లేకుండా బండి నడిపిన మగపిల్లలు. పొట్టిగా ఉండే ఆడవాళ్లు లిస్టులో ఎక్కువకాలం ఎందుకు ఉండిపోతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. కాన్పులైన ఆడవాళ్ల రక్తంలో, బిడ్డ తండ్రి నుంచి వచ్చిన కణాలకు విరుద్ధంగా తయారైన యాంటీబాడీలు మిగిలి ఉండి, సరిపోయే దాతల సంఖ్యను ఇంకా తగ్గిస్తాయి. లిస్టులో అన్యాయం చేయాలని ఎవరూ అనుకోకుండానే ఇది జరిగిపోతోంది.

దాత ఉన్న ఆసుపత్రికి సర్జన్లు స్వయంగా వెళ్లి, శ్వాసగొట్టంలోకి కెమెరా పంపి, ఛాతీ తెరిచి, చేత్తో తడిమి చూస్తారు. అప్పటికే ఇటువైపు రోగిని పిలిపించి, కడుపు ఖాళీగా ఉంచి, థియేటర్ గుమ్మం దాకా తెచ్చి ఉంటారు. అక్కడి నుంచి ‘పనికిరావు’ అని ఫోన్ వస్తే రోగి బట్టలు మార్చుకుని ఇంటికెళ్లాలి. ఇలా ఒకటికి రెండుసార్లు వెనుదిరిగినవాళ్లు అరుదేమీ కాదు. పనికొస్తే, మంచులో పెట్టిన ఊపిరితిత్తులకు నాలుగు నుంచి ఆరు గంటల గడువు, మహా అయితే ఎనిమిది. గ్రీన్ కారిడార్ అందుకే. పాడైనట్టున్న ఊపిరితిత్తుల్ని శరీరం బయటే గాజు గుమ్మటం కింద ఉంచి, ద్రవం ప్రవహింపజేస్తూ, గాలి ఆడిస్తూ బాగుచేసుకుని వాడే పద్ధతిని 2008 నుంచి టొరంటోలోనే షాఫ్ కేశవ్‌జీ బృందం నిలబెట్టింది. ఖర్చు చూస్తే అది మన దగ్గర మామూలు కావడానికి టైం పట్టేలా ఉంది.

ఆపరేషన్ సంగతి రెండు ముక్కల్లో. ఛాతీని అడ్డంగా, ఒక చంక కింద నుంచి ఇంకో చంక కిందికి తెరుస్తారు. ఒక ఊపిరితిత్తి పనిచేస్తుండగా రెండోది మారుస్తారు. అది కుదరకపోతే ఎక్మో యంత్రం రక్తానికి ప్రాణవాయువు ఎక్కిస్తుంది. ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ఎక్మో పేరు మన జనానికి తెలిసింది కోవిడ్‌లో. 2020 జూన్‌లో షికాగో నార్త్‌వెస్టర్న్ ఆసుపత్రిలో, మీరట్‌లో పుట్టిన అంకిత్ భరత్ కోవిడ్ రోగికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. మూడు నెలలు తిరక్కుండానే చెన్నైలోనూ, ఆ వెంటనే హైదరాబాద్‌లోనూ అది జరిగింది. మన చేతులు ఎవరికీ తీసిపోవని అప్పుడే తేలింది. లోటున్నది వేరే చోట.

దగ్గు రాని ఊపిరితిత్తి

కొత్త ఊపిరితిత్తులకు నరాల సంబంధం ఉండదు. తెగిన నరాల్ని కుట్టే వీల్లేదు. అతుకు కింద కఫం పేరుకుపోయినా ‘దగ్గు’ అని మెదడుకు కబురు వెళ్లదు. అందుకే ఫిజియోథెరపిస్టు వచ్చి ‘దగ్గండి బాబాయ్, రాకపోయినా దగ్గండి’ అని రోజూ వేధిస్తాడు. ఇన్‌ఫెక్షన్ మొదలైనా తొలి రోజుల్లో రోగికి ఏమీ అనిపించకపోవచ్చు. ఆ లోటును పూడ్చడానికి ఇంటికి ఒక చిన్న స్పైరోమీటర్ ఇస్తారు. రోజూ పొద్దున్నే ఒకే వేళకు ఊది, అంకె నోటు పుస్తకంలో రాసుకోవాలి. తన మామూలు అంకె కంటే పది శాతం తగ్గితే, ఒంట్లో ఎంత హాయిగా ఉన్నా సరే, ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఒంటి మాట కన్నా యంత్రం మాట వినే అలవాటు చేసుకోవడం, అదీ అరవై ఏళ్లకు, ఎంత కష్టమో ఊహించుకోండి.

టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్. ఈ మూడు పేర్లు ఇంట్లోవాళ్లందరికీ కంఠతా వస్తాయి. టాక్రోలిమస్ పన్నెండు గంటలకోసారి, గడియారం చూసి. పొద్దుటి మాత్రకు ముందు రక్తం ఇచ్చి మందు స్థాయి చూపించుకోవాలి. ఎక్కువైతే మూత్రపిండాలు చెడతాయి, చేతులు వణుకుతాయి, షుగర్ వస్తుంది. తక్కువైతే శరీరం ఊపిరితిత్తి మీదికి లేస్తుంది. పంపరపనస ఈ మందు స్థాయిని అమాంతం పెంచుతుంది కనుక తినకూడదు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టినదాన్ని మర్నాడు ఒలిచి తినే ఇళ్లల్లో ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. చెరకు రసం బండి, పానీపూరీ, కోసి పెట్టిన పండ్ల ముక్కలు అన్నీ బంద్. గడ్డివాము దగ్గరికి, కుండీల్లో మట్టి తిరగేసే పనికి వెళ్లకూడదు. బూజు పీలిస్తే ఊపిరితిత్తిలో పాతుకుంటుంది. టాక్రోలిమస్‌ను కనిపెట్టింది జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి. మట్టిలో పుట్టిన మందు మింగేవాడు మట్టి జోలికి వెళ్లరాదు.

ఇంత చేసినా ఎంతకాలం? మంచి కేంద్రాల్లో మొదటి ఏడాది దాటేవాళ్లు నూటికి ఎనభై ఐదు, తొంభై మంది. ప్రపంచవ్యాప్త లెక్కల్లో సగం మంది ఆరేడేళ్లు దాటుతున్నారు, సగం మంది దాటడం లేదు. కాలేయం, మూత్రపిండం మార్పిళ్లతో పోలిస్తే ఇది తక్కువ. ఐదేళ్లు తిరిగేసరికి దాదాపు సగం మందిలో సన్నటి గాలిగొట్టాలు మెల్లగా మూసుకుపోయే దీర్ఘకాలిక తిరస్కరణ మొదలవుతుంది. దాన్ని ఖచ్చితంగా ఆపే మందు ఇంకా లేదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పే డాక్టరే మంచి డాక్టరు. ‘కొత్త జన్మ’ అని పత్రికలు రాస్తాయి, నేనూ రాసినవాణ్నే. ఒక జబ్బునిచ్చి, దానికంటే మెరుగ్గా అదుపులో పెట్టగలిగే ఇంకో జబ్బును తెచ్చుకోవడమని ఈ వైద్యులే అంటారు. ఆక్సిజన్ గొట్టం తీసేసి మనవరాలి వెంట మెట్లెక్కిన మనిషికి ఆ బేరం తప్పుగా అనిపించదు. ఆ మనిషి దగ్గర అంకెల ప్రస్తావన తెస్తే నవ్వేస్తాడు.

గడ్డిమందు

మన రెండు రాష్ట్రాల పల్లెల నుంచి వచ్చే కేసుల్లో ఒక రకం వేరే దేశాల పుస్తకాల్లో ఇంతగా కనబడదు. చేలల్లో కలుపు మాడ్చడానికి కొట్టే పారాక్వాట్‌ను మన రైతులు గడ్డిమందు అంటారు. అది ఒంట్లోకి పోతే విరుగుడు లేదు. ఊపిరితిత్తుల్లోని కొన్ని కణాలు దాన్ని తమకు కావలసిన పదార్థమే అనుకుని లోపలికి లాక్కుంటాయి. అక్కడ ప్రాణవాయువుతో కలిసి అది కణాల్ని కాలుస్తూ పోతుంది. ఆక్సిజన్ పెడితే మంట ఇంకా పెరుగుతుంది. అందుకే ఆయాసపడుతున్న మనిషికి తొలి రోజుల్లో ఆక్సిజన్ పెట్టడానికి కూడా డాక్టర్లు వెనకాడతారు. ఇంతకన్నా నిస్సహాయమైన వార్డు ఉండదు. మొదటి రోజుల్లో రోగి మాట్లాడతాడు, లేచి కూర్చుంటాడు, పొరపాటు చేశాను, బతకాలని ఉందంటాడు. వారం, పది రోజులకు ఊపిరితిత్తులు గట్టిపడటం మొదలవుతుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి ఒక యువకుడికి రెండు ఊపిరితిత్తులూ మార్చి బతికించారు. ప్రపంచం మొత్తం మీద ఇలా నిలిచినవాళ్లు బహు కొద్దిమంది. విషం రక్తంలోంచి, కండరాల్లోంచి పూర్తిగా పోయేదాకా ఎక్మో మీద ఆపాలి. ముందే మారిస్తే కొత్త ఊపిరితిత్తినీ అదే విషం కాలుస్తుంది. గతంలో అలా జరిగింది కూడా. ఇంతలో మూత్రపిండాలు, కాలేయం నిలవాలి, దాత దొరకాలి, రోజుకు లక్షల్లో అయ్యే ఎక్మో ఖర్చు భరించాలి. ఒక్క విజయం చూసి గడ్డిమందుకు వైద్యం వచ్చేసిందని అనుకుంటే మోసపోతాం. దుకాణంలో ఎరువు బస్తాల పక్కన ఆ డబ్బా ఎవరికి పడితే వాళ్లకు దొరకడమే అసలు జబ్బు. మనసు బాగోలేనప్పుడు రాత్రి పగలు తేడా లేకుండా మాట్లాడటానికి టెలిమానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు.

పాతిక లక్షల తర్వాత

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల మార్పిడికి పాతిక లక్షల నుంచి నలభై లక్షల దాకా చెబుతారు. ఎక్మో మీద రోజులు పెరిగితే ఆ అంకె అక్కడ ఆగదు. పొలం అమ్మితేనో, చందాలు పోగైతేనో ఆపరేషన్ అవుతుంది. ఆ తర్వాత నెలనెలా మందులు, పరీక్షలు, మూడు నెలలకోసారి శ్వాసగొట్టంలోకి కెమెరా పంపి చూసే బ్రాంకోస్కోపీ, ఆసుపత్రికి అరగంట దూరంలో ఏడాది పాటు అద్దె ఇల్లు. చెన్నై ఆసుపత్రుల చుట్టుపక్కల వీధుల్లో నెల్లూరు, ఖమ్మం మాటతీరు వినబడేది అందుకే. సర్కారు దవాఖానాల్లో ఈ ఆపరేషన్ ఇప్పటికీ అపురూపం. చండీగఢ్ పీజీఐలో 2017లో చేశారు. మూత్రపిండాల మాదిరిగా ప్రభుత్వ రంగంలో ఇది వేళ్లూనుకోలేదు. సర్జన్ ఒక్కడుంటే జరిగే పని కాదిది. ఎక్మో నడిపేవాళ్లు, బూజును రాత్రికి రాత్రి గుర్తించే ల్యాబు, టాక్రోలిమస్ స్థాయి సాయంత్రానికల్లా చెప్పే యంత్రం, అర్ధరాత్రి ఫోనెత్తే కోఆర్డినేటర్ ఇన్ని కలవాలి. వీటిలో ఏ ఒక్కటీ శంకుస్థాపన ఫలకం మీదికి ఎక్కేది కాదు.

జీవన్‌దాన్‌లో పేరు నమోదయ్యేది రోగి వెళ్లిన ఆసుపత్రి ద్వారానే. అవయవం వచ్చినప్పుడు అది ముందు ఏ ఆసుపత్రికి, ఏ రోగికి అన్నది నిబంధనల ప్రకారం నడుస్తుంది. రాష్ట్రంలో సరిపోయే రోగి లేకపోతే పక్క రాష్ట్రానికి, ఆ తర్వాత దేశంలో ఎక్కడికైనా పోతుంది. అమెరికాలో 2005 నుంచే వరస నంబరును పక్కన పెట్టి, ఎవరికి ప్రమాదం ఎక్కువుంది, ఎవరు ఎక్కువకాలం బతికే అవకాశముంది అన్నవి లెక్కగట్టి స్కోరు ఇస్తున్నారు. 2023లో ఆ లెక్కను మళ్లీ మార్చి, పొట్టివాళ్లకు, అరుదైన బ్లడ్ గ్రూపు వాళ్లకు, యాంటీబాడీలు ఉన్నవాళ్లకు విడిగా మార్కులు కలిపారు. మన దగ్గర ఆ చర్చ ఇంకా గట్టిగా మొదలు కాలేదు.

చర్చ మొదలైతే మొదట తగిలే చిక్కు ఒకటుంది. మార్చిన ఊపిరితిత్తి ఆరేళ్లకు మూసుకుపోయినప్పుడు, అదే మనిషికి రెండోసారి మార్చవచ్చు. వైద్యపరంగా అది సాధ్యమే, ప్రపంచంలో కొద్ది శాతం మార్పిళ్లు అలాంటివే. అతని వయసు నలభై, పిల్లలు బడిలో ఉన్నారు, మందులు ఒక్క పూట కూడా తప్పలేదు. అదే బ్లడ్ గ్రూపుతో, అదే ఛాతీ కొలతతో, మొదటిసారి కోసం ఎదురుచూస్తున్న ఇంకొకరు కింది వార్డులో ఉన్నారు. దేశం మొత్తం మీద ఏడాదికి రెండు వందల చిల్లర. ఆ రాత్రి ఫోన్ ఎవరికి చేయాలో కోఆర్డినేటర్‌కు చెప్పే నియమం రాసేవాళ్లలో డాక్టర్లు మాత్రమే ఉంటే సరిపోతుందా?